ముప్పావు ట్యాంకరు

పోయిన వారం ఏలియాను మనం గండిమైసమ్మ చౌరస్తాలో, మెకానిక్ భాస్కర్ షెడ్డు ముందు వదిలిపెట్టి వచ్చాం. చేతిలో విరిగిన కమాన్ పట్టీతో. అతని చిన్న పికప్ బండికి వెనక చక్రాల మీద బరువు మోసే ఆ ఇనుప పట్టీ రెండు ముక్కలైంది. భాస్కర్ ఆ ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూసి ఒకే మాటన్నాడు: "అన్నా, నీళ్ల బరువుకు గిట్ల ఇరగదు. నీకు తెల్వకుండ నీ బండి ఇంకేందో మోస్తాంది."

కొత్త పట్టీ వేయించుకున్నా, ఆ మాట ఏలియా చెవిలో ఇల్లు కట్టుకుని వారం రోజులు పోరుపెట్టింది.

ఇప్పుడే కథలో అడుగుపెట్టినవారికి కాస్త చెప్పి ముందుకు పోదాం. ఏలియాది శామీర్‌పేట. కూరగాయలు మోయడానికి కొనుక్కున్న పికప్పుకు రెండేళ్ల కింద వెనక హుక్కు వెల్డింగు చేయించి, నీళ్ల ట్యాంకరు లాగడం మొదలుపెట్టాడు. మేడ్చల్ పక్కన కొత్తగా లేచిన కాలనీలో బోర్లన్నీ ఎండిపోయాయి. ట్రాక్టరు వస్తే మురుగు మోరీల మీది బండలు పగులుతున్నాయి కాబట్టి ట్రాక్టరు వద్దని కాలనీ ప్రెసిడెంటు చక్రపాణి పట్టుబట్టాడు. ఆయన జీడిమెట్ల వైపు ఏదో మందుల ఫ్యాక్టరీలో ఆఫీసరు. ట్యాంకరు కూడా ఆయనదే. రెండు చక్రాల మీద రెండు వేల లీటర్ల ఇనుప పీపా. "మీ బండి చిన్నదే కానీ మీరు నెమ్మదస్తులు ఏలియాగారూ. మీరైతేనే లాగగలరు," అన్నాడాయన. పొగడ్తకు కరగనివాడెవడు? టన్ను మోయవలసిన బండికి ఏలియా అంతకు రెండున్నర రెట్లకు పైగా తగిలించుకున్నాడు.

అది తప్పుడు పనని అతనికీ తెలుసు. అందుకే తనకు తానే కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాడు. ట్యాంకరును అంచుదాకా నింపాలి. తక్కువ నింపితే లోపల నీళ్లు ఊగి బండిని తోస్తాయి. పికప్పు చక్రాలు నేలను వదలకుండా వెనక నాలుగు ఇసుక బస్తాలు వేసుకోవాలి. దిగుడులో సెకండ్ గేరు దాటకూడదు, ఎందుకంటే ట్యాంకరుకు సొంతంగా బ్రేకుల్లేవు, ఆపే భారమంతా ముందున్న చిన్న బండిదే. బావమరిది స్టీఫెన్‌ను పనిలో పెట్టుకున్నప్పుడు ఈ కట్టుబాట్లన్నీ అతనిచేత మూడుసార్లు అప్పజెప్పించుకున్నాడు. మామూలు రోజుల్లో ఏలియా, శనివారాల్లో స్టీఫెన్. ఆదివారం బండి కదలదు.

ఇంకొక్క కట్టుబాటుంది, అది బండిది కాదు, దేవుడిది. వారంలో మొదటి ట్రిప్పు, అంటే సోమవారం పొద్దుటిది, చర్చికి. అది ఏలియా ఇచ్చే ప్రథమ ఫలం. శామీర్‌పేట దారిలో దిగుడు కింద వాళ్ల చిన్న చర్చి ఉంది. ఇదివరకు బాప్తీస్మాలు చెరువులో ఇచ్చేవారు. రెండేళ్లుగా చెరువులో మోకాలిలోతు నీళ్లు కూడా లేవు కాబట్టి చర్చి వెనక సిమెంటు తొట్టి కట్టుకున్నారు. నీళ్లు తెచ్చిన ఇంటి బిడ్డే ముందు తొట్టిలో దిగాలని సంఘం పెద్దలు ముచ్చటపడి ఒక ఆనవాయితీ పెట్టారు. ఏలియా దిగుడు పైన మూడుసార్లు హారన్ కొడితే కింద ఎవరో ఒకరు పరుగెత్తి గేటు తీసేవారు.

ఈ శనివారం ఆ బిడ్డ ఏంజెల్. ఏలియా ఒక్కగానొక్క కూతురు, పదిహేడేళ్లది. పెద్ద పాస్టరుగారికి రేపు కీసరలో ఆరాధన ఉన్నందువల్ల బాప్తీస్మాలు ఈ రోజే పెట్టుకున్నారు, మధ్యాహ్నం పన్నెండుకు.

పొద్దున ఏంజెల్ తెల్ల ఓణీ భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడి ఉండగా ఏలియా గుమ్మంలో చెప్పులు తొడుక్కున్నాడు. ఆ పిల్ల రెండు చేతులకూ మణికట్ల దాకా పాత చున్నీ ముక్కలు చుట్టి ఉన్నాయి. గురువారం తొట్టిలో బ్లీచింగ్ పౌడరు కలిపింది తనే. శుక్రవారానికి అరచేతులు పొక్కిపోయాయి. పౌడరు ఘాటుకేలే అని తల్లి ఎలీషమ్మ కొబ్బరినూనె రాసింది.

"యాడికి పోతున్నవ్ నాయినా? తెల్ల షర్టేసుకోని బండి పనికా?" అంది ఏంజెల్.

"చిన్న పనుంది బిడ్డా. పన్నెండుకు నీ పక్కనుంట."

"నువ్వొచ్చేదాక నేను నీళ్లల్ల దిగ. నీ హారన్ ఇనవడాలె. ఇనవడ్డంకనే కాలు పెడుత, చెప్తున్న."

"సరే," అన్నాడు ఏలియా. కూతురి ముందు నవ్వాడు. భాస్కర్ ఆ మాటన్న రోజు నుంచీ అతను బండి మీటరు చూస్తున్నాడు. పోయిన శనివారం కాలనీకి రెండు ట్రిప్పులని స్టీఫెన్ చెప్పాడు. మీటరు మాత్రం నలభై కిలోమీటర్లు ఎక్కువ చెప్పింది. ఇనుప మీటరుకు అబద్ధమాడాల్సిన అవసరమేముంది? అబద్ధం ఎక్కడుందో తేల్చుకోకుండా కూతుర్ని ఆ నీళ్ల దగ్గరికి చేయి పట్టి తీసుకెళ్లడానికి అతనికి మనసొప్పలేదు. తన ఇంట్లో ఏదో కుళ్లు ఉందని, దాన్ని కడుక్కోకుండా దేవుడి ముందు నిలబడకూడదని అతని బాధ. ఆ కుళ్లు ఎంత దూరం పోయిందో పాపం అతనికప్పటికి తెలియదు.

పదిన్నరకు ఏలియా మేడ్చల్ నుంచి శామీర్‌పేట వచ్చే రోడ్డు మీద, ఒక సోడా బండి నీడన నిలబడ్డాడు. లెక్క చాలా తేలిక. బోరు శామీర్‌పేట వైపుంది, కాలనీ మేడ్చల్ వైపుంది. ట్యాంకరు అటు పోతే నిండుగా పోవాలి, ఇటు వస్తే ఖాళీగా రావాలి.

పదకొండు అవుతుండగా తన బండి కనిపించింది. ఇటే వస్తోంది. దూరం నుంచే ఏలియాకు అర్థమైపోయింది. పికప్పు ముక్కు ఆకాశం వైపు లేచి ఉంది, వెనక భాగం నేలకు కుంగింది, ట్యాంకరు టైర్లు పక్కలకు ఉబ్బి ఉన్నాయి. ఖాళీగా రావలసిన ట్యాంకరు ఒళ్లంతా బరువుతో వస్తోంది.

ఏలియా రోడ్డు మధ్యకు పోయి చేయి అడ్డం పెట్టాడు.

బండి గబుక్కున ఆగలేదు. పది గజాలు జారి, వెనక ట్యాంకరు రెండుసార్లు ముందుకూ వెనక్కూ కుదిపితే గానీ నిలబడలేదు. స్టీఫెన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఇరవై ఆరేళ్లవాడు, మాటకారి, ఎంత ఎండలోనూ దువ్వెన మరచిపోనివాడు. ఈ రోజు మాత్రం జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది.

"వందనాలు బావా! గీడున్నవేంది? చర్చిల ఉంటవనుకున్న."

"నువ్వు కాలనీల ఉంటవని నేననుకున్న. ఎటు పోతున్నవ్ రా?"

"బోరు కాడికే. ఇంకో ట్రిప్పు నింపుకస్త."

"ట్యాంకర్ల ఏమున్నది?"

"ఏముంటది బావా, ఖాళీ."

"ఖాళీదైతే బండి ముక్కెందుకు లేపింది?"

స్టీఫెన్ బండి ముక్కు వైపు చూశాడు, ఆ సంగతి ఇప్పుడే తెలిసినట్టు. "అదా... కాలనీల సంపు నిండింది బావా. సగం ఒంపి, సగం వాపస్ తెస్తున్న."

ఒక్క నిమిషం కింద ఖాళీగా ఉన్న ట్యాంకరులో సగం నీళ్లు ఎలా వచ్చాయో మనమడగం, ఏలియా కూడా అడగలేదు. మే నెలలో, బిందెల కోసం జుట్లు పట్టుకునే కాలనీలో, సంపు నిండిపోయిందట! అతను ట్యాంకరు దగ్గరికి నడిచి వేలి కణుపులతో కింది నుంచి పైకి తడుతూ పోయాడు. నీళ్లున్నంత మేరా మొద్దు శబ్దం వస్తుంది, ఖాళీ ఉన్న చోట ఖంగుమంటుంది. ముప్పావు దాకా మొద్దుగానే పలికింది. సగం కాదు, ముప్పావు.

పైన మూతకు కొత్త తాళం ఉంది. కింద నీళ్లు వదిలే వాల్వుకు గొలుసు చుట్టి మరో తాళం.

"గీ తాళాలేంది?"

"నీళ్లు దొంగతనం పోతున్నయి బావా. సిగ్నల్ కాడ ఆగితె బకెట్లు పట్టుకొస్తున్నరు."

"చెవి ఇయ్యి."

"చెవి... చక్రపాణి సార్ కాడుంది."

"మరి కాలనీల సగం నీళ్లెట్ల ఒంపినవ్?"

స్టీఫెన్ గేరు రాడ్డు మీద చేయి వేశాడు. ఏలియా అతన్ని పక్కకు జరగమని చేత్తోనే చెప్పి స్టీరింగు ముందు కూర్చున్నాడు. "గండయ్య కాంటా కాడికి పోదాం పా. నువ్వు జెప్పకున్నా అది జెప్తది."

కాంటా అక్కడికి రెండు కిలోమీటర్లు. రాళ్ల క్వారీ లారీలను తూచడానికి రోడ్డు పక్కన పరిచిన పెద్ద ఇనుప పలక అది. ఆ రెండు కిలోమీటర్లూ ఏలియా జన్మలో మరచిపోడు. స్టీరింగు చేతిలో గాలిలా తేలిపోతోంది, ముందు చక్రాలు రోడ్డును పట్టుకోవడం లేదు. వెనక చూస్తే, బరువెక్కువైందని స్టీఫెన్ తీసేశాడేమో, ఇసుక బస్తాలు ఒక్కటి కూడా లేవు. గేరు మార్చినప్పుడల్లా ట్యాంకరులో ఏదో ముందుకు వచ్చి దబ్బుమని గుద్దుతోంది. ఏలియాకు నీళ్ల గుద్దు తెలుసు, అది చురుగ్గా వచ్చి పోతుంది. ఇది ఆలస్యంగా, బద్ధకంగా, బలంగా వస్తోంది. పక్కన స్టీఫెన్ రెండు చేతులతో డోరు పట్టుకుని పెదాలు కదుపుతున్నాడు. ప్రార్థనే అయ్యుంటుంది.

మలుపులో ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చింది. ఏలియా ఎడమకు తిప్పాడు. పికప్పు వెంటనే తిరిగింది కానీ ట్యాంకరు తిరగలేదు. అది తన దారిన బస్సు వైపు పోయి, హుక్కు దగ్గర కీచుమని లాగి, అవతలికి ఊగింది. పికప్పు వెనక చక్రాలు నేలను వదిలి మళ్లీ పడ్డాయి. ఏలియా బ్రేకు తొక్కకుండా, గేరు తగ్గిస్తూ, స్టీరింగు నిటారుగా పట్టుకున్నాడు. ఊగినప్పుడు బ్రేకు వేస్తే ట్యాంకరు బండినే మడతపెట్టేస్తుంది. మూడు ఊపులు ఊగి అది దారికి వచ్చింది.

"మెల్లగ బావా!" స్టీఫెన్ గొంతు చిరిగిపోయింది. "మూత ఊడితే మనం సస్తం!"

నీళ్ల ట్యాంకరు మూత ఊడితే తడుస్తారు, చావరు. ఆ మాట నోరు జారిందని స్టీఫెన్‌కు కూడా తెలిసింది. అతని చేతులు డోరు మీది నుంచి జారి ఒళ్లో పడ్డాయి.

గండయ్య కాంటా గదిలోంచి బయటికొచ్చి ఎండకు చేయి అడ్డం పెట్టుకుని చూశాడు. క్వారీకి ఆ రోజు సెలవు, ఒక్క లారీ లేదు. ట్యాంకరు లాగడం మొదలుపెట్టిన కొత్తలో ఏలియా దాన్ని ఇక్కడే తూచాడు. ఖాళీది ఏడు క్వింటాళ్లు, అంచుదాకా నీళ్లు నింపితే ఇరవై ఏడు. ఆ లెక్క గండయ్యకూ తెలుసు, ఎందుకంటే ఇంత చిన్న బండికి ఇంత బరువేందని ఆ రోజు తిట్టిపోసింది ఆయనే.

ఏలియా పికప్పును పలక దాటించి, ట్యాంకరు చక్రాలు మాత్రం పలక మీద ఉండేలా ఆపాడు.

"ముప్పావే ఉన్నది గండన్నా. నీళ్లయితే ఎంత రావాలె?"

"గదేం లెక్కనే. ఇరవై రెండు." గండయ్య లోపలికి పోయాడు. మళ్లీ గడపలోకి వచ్చినప్పుడు ఆయన ముఖంలో హాస్యం లేదు. "ఇరవై ఆరు సూపిస్తాంది. రెండుమార్లు జూసిన. ఏలియా, నీళ్లు గింత బరువు ఎప్పటిసంది అయినయే?"

నాలుగు క్వింటాళ్లు ఎక్కువ. ఏలియా స్టీఫెన్ వైపు తిరిగాడు. కొట్టాలని చేయి లేచింది. కానీ ఆ పిల్లవాణ్ణి పదేళ్ల వయసులో తన ఇంటికి తెచ్చుకుని, అన్నం పెట్టి, స్టీరింగు పట్టడం నేర్పింది తనే. లేచిన చేయి దించుకున్నాడు.

"మీ అక్క మీద ఒట్టేసి చెప్పు. అండ్ల ఏమున్నది?"

స్టీఫెన్ కాంటా పలక అంచు మీద కూలబడ్డాడు. "ఫ్యాక్టరీ నీళ్లు బావా. మందులు చేసినంక మిగిలిన మురికి. శనివారం పొద్దుగాల కాలనీ ట్రిప్పులు అయినంక చక్రపాణి సార్ వెనక గేటు కాడ నింపిస్తడు. బరువుంటది, అంచుదాక నింపకు, ముప్పావు చాలంటడు. నేను పాత క్వారీ గుంతల ఒంపి పోత. గంతే. ఎవలూ తాగరు గదా అన్నడు."

"ఎన్ని రోజులసంది?"

"పోయిన ఎండకాలంసంది. ఫ్యాక్టరీల డ్రైవరు నౌకరి ఇప్పిస్త, పర్మనెంట్ జేపిస్త అన్నడు బావా. ఎన్ని దినాలు నీ బండి మీద నీ సాటున బతకాలె? నాకూ సిగ్గుంటది."

ఏలియాకు చక్రపాణి ఇల్లు కళ్ల ముందు కదిలింది. ట్యాంకరు రాగానే కాలనీ అంతా బిందెలతో ఎగబడుతుంది, ఆ మూల ఇంటి వాళ్లు మాత్రం ఏనాడూ ఒక్క చెంబు పట్టలేదు. ఒకసారి తానే అడిగాడు. చక్రపాణి భార్య బాలాత్రిపురసుందరి గుమ్మంలోంచే, "వద్దండీ, ఆ నీళ్లు మన ఇంట్లోకి రానివ్వద్దని మావారు చెప్పారు," అంది. ఏలియా దాన్ని వేరుగా అర్థం చేసుకున్నాడు. తన కులాన్ని చూసి, తన మెడలోని సిలువను చూసి, తన చేతి నీళ్లు వద్దనుకున్నారని అనుకున్నాడు. అలాంటివి కొత్త కాదు కాబట్టి నోరు మూసుకుని మింగేశాడు. ఆ అవమానాన్ని రెండు వేసవులు మోశాడు. చక్రపాణికి తన కులంతో పనే లేదని, ట్యాంకరులో ఏముందో తెలిసినవాడు కాబట్టే ఆ నీళ్లు ముట్టలేదని ఇప్పుడు తెలిసింది. అవమానమే నయమనిపించింది.

"ఒంపినంక ట్యాంకరు కడిగినవా?" అన్నాడు.

"కడిగిన... రెండు బిందెలు పోసి."

"రెండు బిందెలు! అదే ట్యాంకర్ల మళ్ల నీళ్లు నింపినమా? పిల్లలు తాగే నీళ్లు?"

గండయ్య ఒక అడుగు ముందుకేశాడు. "శనివారం విషం. ఆదివారం బండి బంద్. మళ్ల సోమవారం పొద్దుగాల ఫస్టు ట్రిప్పు యాడికి పోతదే?"

ఆ ప్రశ్నకు జవాబు ఏలియా నోట్లోనే ఉంది.

సోమవారం మొదటి ట్రిప్పు చర్చికి. తన ప్రథమ ఫలం. వారమంతట్లో అన్నిటికంటే ముందు దేవుడికిచ్చుకుంటున్నానని మురిసిపోయినవాడు, వారమంతట్లో అన్నిటికంటే మురికి నీళ్లు తీసుకుపోయి పోశాడు. స్టీఫెన్ కాదు పోసింది, చక్రపాణి కాదు. తన చేతులతో తానే.

"ఇంకో మాటున్నది బావా," స్టీఫెన్ ఏడుస్తున్నాడు. "పోయిన శనివారం గుంత కాడ ఎవలో మనుషులున్నరు. మొత్తం ఒంపలేకపోయిన. అడుగున జానెడు మిగిలింది. ఆదివారం రాత్రికి పోయి పారబోద్దామనుకున్న, పోలే. నువ్వు సోమవారం దాని మీదనే నింపినవ్."

సోమవారం పొద్దున తొట్టిలో నీళ్లు వదులుతుంటే నురగ వచ్చింది. ఏలియాకు గుర్తుంది. కొత్త రంగు వేసిన పైపు వల్లేమో అనుకున్నాడు. వాసన కూడా వచ్చింది. గురువారం బ్లీచింగ్ పౌడరు వేశాక ఆ వాసన దీనిదే అని అందరూ అనుకున్నారు. అలా అని ముందు అన్నవాడు ఎవడు?

"బ్లీచింగ్ వాసన అన్నది నువ్వే గదరా."

స్టీఫెన్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

ఏంజెల్ అరచేతులు. పౌడరు ఘాటు కాదు. చేతులు ముంచితేనే అలా పొక్కాయి. ఇప్పుడు పాస్టరుగారు ఆ పిల్లను నిలువునా ముంచుతారు. కళ్లు, ముక్కు, నోరు, అన్నీ. నీళ్లు తెచ్చిన ఇంటి బిడ్డ కాబట్టి అందరికంటే ముందు.

కాంటా గది గోడ మీద గడియారం పన్నెండుకు పది తక్కువ చూపిస్తోంది.

చర్చిలో ఫోను లేదు, అది జేబుల్లో ఫోన్లుండే కాలం కాదు. గండయ్యకు సైకిలు తప్ప ఏమీ లేదు. ఏలియా పరుగెత్తి హుక్కు దగ్గర మోకరిల్లాడు. ట్యాంకరును వదిలేస్తే ఖాళీ పికప్పు ఐదు నిమిషాల్లో చేరుతుంది. కానీ బస్సు దగ్గర ఊగిన ఊపుకు హుక్కులోని ఇనుప పిన్ను వంగిపోయింది. పట్టి లాగాడు, రాలేదు. స్టీఫెన్ జాకీ రాడ్డు తెచ్చి పిచ్చివాడిలా కొట్టాడు. గండయ్య సుత్తి తెచ్చాడు. ఇరవై ఆరు క్వింటాళ్ల బరువు దాన్ని కరుచుకుని పట్టుకుంది. ట్యాంకరు ఇక్కడే ఖాళీ చేద్దామంటే రెండు తాళాలకూ చెవులు చక్రపాణి జేబులో ఉన్నాయి; పోయిన వారం తర్వాత ఆయనే గుంత దగ్గరికి వచ్చి తీస్తానన్నాడట.

"ఏంజెల్ ఆగుతది," అన్నాడు ఏలియా, తనకు తానే చెప్పుకుంటూ. "నా హారన్ ఇనవడందే దిగనన్నది. నా బిడ్డ మాట తప్పదు."

"పెద్ద పాస్టరు ఆగుతడా? ఆయన ఇయ్యాలనే కీసర పోవాలె గద," అన్నాడు గండయ్య.

అంతే, ఏలియా స్టీరింగు ముందుకు దూకాడు. స్టీఫెన్ పరుగెత్తి పక్క సీట్లో పడ్డాడు, ఏలియా దిగమనలేదు. గండయ్య గది ముందున్న సిమెంటు బస్తాలు రెండు వెనక డబ్బాలోకి విసిరాడు. పికప్పు మూలిగి, వణికి, ట్యాంకరును పలక మీది నుంచి ఈడ్చింది.

దిగుడు మొదలయ్యే చోట ఏలియా సెకండ్ గేరులోకి వచ్చాడు. అక్కడి నుంచి గోడ మీదుగా చర్చి వెనక దొడ్డి కనిపిస్తుంది. తొట్టి కనిపించింది. చుట్టూ తెల్ల బట్టలు. పాట వినిపిస్తోంది. తొట్టి మెట్ల దగ్గర సన్నగా నిలబడి ఉన్నది ఏంజెలేనని ఆ నిలబడే తీరుతోనే పోల్చుకున్నాడు. ఇంకా దిగలేదు. పెద్ద పాస్టరుగారు చేతి గడియారం చూపిస్తున్నారు, ఆ పిల్ల తల అడ్డంగా ఊపుతోంది. తండ్రి కోసం ఆగింది. ఏలియా గుండె ఒక్కసారి కుదుటపడింది. ప్రభువా, చాలు అనుకున్నాడు. మెల్లగా దిగి, గేటు ముందు ఆపి, నడిచిపోయి చేయి పట్టుకుంటే చాలు.

బ్రేకు మీద కాలు వేశాడు.

బ్రేకు పట్టింది. బండి ఆగలేదు. వెనక నుంచి ఆ బద్ధకపు గుద్దు వచ్చింది, దాని వెనకే మరొకటి. నాలుగు చక్రాలూ బిగుసుకుపోయి అలాగే జారుతున్నాయి, ట్యాంకరు పికప్పును చేటలో చెత్తలా ముందుకు నెడుతోంది. ఏలియా బ్రేకు వదిలి, మళ్లీ తొక్కి, మళ్లీ వదిలాడు. రబ్బరు కాలిన వాసన వచ్చింది. స్టీఫెన్ చేతి బ్రేకు రెండు చేతులతో పట్టుకుని లాగుతున్నాడు.

దిగుడు కింద, చర్చి గేటుకు ఎదురుగా, ఎలీషమ్మ ఇంకో ఐదారుగురు ఆడవాళ్లతో, చంకల్లో పిల్లలతో, తలల మీద అన్నం గంపలతో రోడ్డు దాటుతోంది. అందరి వీపులూ ఇటే ఉన్నాయి. పాట హోరులో ఇంజను చప్పుడు ఒక్కరికీ వినబడలేదు.

"హారన్ కొట్టు బావా!" స్టీఫెన్ అరిచాడు. "అక్క! మా అక్కున్నది! హారన్ కొట్టు!"

ఏలియా అరచేయి హారన్ మీదే ఉంది. నొక్కలేదు. రోడ్డు మీద భార్య, గోడ వెనక కూతురు. ఒకరికి వినబడాలి, ఒకరికి వినబడకూడదు. ఆ ఒక్క క్షణం అతనికి ఏళ్లు పట్టింది.

నొక్కాడు.

ఆడవాళ్లు ఉలిక్కిపడి తిరిగి చూశారు. గంపలు కిందపడ్డాయి. ఎవరిదో పిల్లను చంకనెత్తుకున్న ఎలీషమ్మ రోడ్డు పక్కకు దూకింది. గోడ అవతల పాట ఆగలేదు. ఏంజెల్ మాత్రం తల ఎత్తి దిగుడు వైపు చూసింది. నాయిన బండి కనిపించింది, నాయిన హారన్ వినిపించింది. గుడ్డలు చుట్టిన చేయి ఎత్తి ఊపింది. పాస్టరుగారి వైపు తిరిగి ఏదో చెప్పి నవ్వి, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.